రాజు కాంటా

జడ టీచర్ పోయిందన్న మాట నాకు ఎంటికలాయన చెప్పిండు. ఇంకెవరన్న చెప్పి ఉంటే నేను గింత అదిరిపడకపోదునేమో.

అప్పటికి షట్టర్ సగమే లేపిన. దిల్‌సుఖ్‌నగర్‌ల మెట్రో పిల్లర్ల పక్క గల్లీల మాది స్టీలు సామాన్ల దుకాణం. కిలో లెక్కన అమ్ముతం. గల్లీ గల్లీ తిరిగి ఎంటికలు తీసుకొని గిన్నెలు ఇచ్చెటోళ్ళు ఉంటరు చూడుండ్రి, వాళ్ళు పొద్దున్నే మా దగ్గరికి వచ్చి సామాను తీస్కపోతరు. వాళ్ళల్ల ఒక పాతాయన బండికి మైకు కట్టుకొని మన్సూరాబాద్ కాలనీలన్నీ తిరుగుతడు. ఆ రోజు బండి స్టాండు వేసిండు, గిన్నెల దిక్కు గూడ చూడకుండ నా ముందు నిలబడ్డడు.

"అక్కా, జడ టీచర్ పోయింది" అన్నడు.

"ఏడికి?" అన్న.

"ఏడికేందక్కా. సచ్చిపోయింది. రాత్రి పండుకున్న మనిషి పొద్దున లేవలేదంట. వాళ్ళ గల్లీలకు పోయేసరికి టెంటు ఏస్తున్నరు."

నా చేతుల ఉన్న తాళాలు కింద పడ్డయి. "నీ నోట్ల మన్నువడ! మొన్న శుక్రవారం ఈడనే గద కూసొని చాయ్ తాగింది!" అని గల్లీ అంత ఇనపడేటట్టు తిట్టిన. పాపం, ఆయన తిట్లన్నీ పడ్డడు. నాకు ఏడుపు రాలే, కోపం వచ్చింది. ముందుగాల ఆయన మీద, తర్వాత ఆమె మీద. గిట్ల చెప్పకుండ పోవుడేంది? ఒక రాయి పక్కకు జరపాలన్నా దాని బరువెంతో చూసుకొని జరిపే మనిషి.

"ముందు తూచు, తర్వాత ఆశ్చర్యపడు." ఆ మాట ఆమె నాతోని ఎన్నిసార్లు అన్నదో, నా మొగడు గూడ నన్ను అన్నిసార్లు పేరు పెట్టి పిలిచి ఉండడు. నాది చిన్నప్పటి సంది ప్రతిదానికి నోరెళ్ళబెట్టే గుణం. టమాటల ధర విన్నా అమ్మో అంట, పక్కింట్ల పెండ్లి కుదిరిందన్నా వామ్మో అంట. ఆమె మాత్రం దేనికీ ఉలికిపడేది కాదు. "ఎంతుంటుందమ్మా?" అని అడిగేది, అంతే. ఆమె ఆశ్చర్యపోవుడు నేను ఒకే ఒక్కసారి చూసిన. ఆ సంగతి ముంగట చెప్త.

ఆమెది తెనాలి దిక్కు. ఒక ప్రైవేటు బడిల లెక్కల టీచర్‌గ చేసి రిటైరైంది. పెనిమిటి ఎప్పుడో పోయిండు, మన్సూరాబాద్‌ల తమ్ముని ఇంట్ల కింది పోర్షన్‌ల ఉండేది. ఎల్బీ నగర్‌ల హార్డ్‌వేర్ దుకాణం మీద చిన్న చర్చి ఉన్నది, ఒక్కటే హాలు. ఆదివారం పూట పిల్లలకు బైబిలు వాక్యం చెప్పేది. గవన్నీ నాకు తర్వాత తెలిసినయి. మొదటిసారి దుకాణంకు వచ్చినప్పుడు నేను చూసింది రెండే. ఒకటి మోకాళ్ళు దాటిన జడ, రెండోది చేతుల బరువైన గుడ్డ సంచి.

"ఏమ్మా, మీ కాంటా సరిగ్గా చూపిస్తుందా?" అన్నది.

నాకు చుర్రుమన్నది. దుకాణంల కాలు పెట్టి ఎవరన్న ముందు గదే అడుగుతరా? "మా కాంటా మీద అనుమానముంటే వేరే దుకాణం చూసుకోండ్రి" అన్న.

"అనుమానం కాదమ్మా. సరిగ్గా ఉంటేనే నాకు పనికొస్తుంది" అని సంచిలవన్నీ గల్లున కాంటా పళ్ళెంల పోసింది. రాళ్ళు! నున్నగ, గుండ్రంగ, చిన్న చిన్న రాళ్ళు. స్టీలు దుకాణంల రాళ్ళు తూసే మనిషిని నేను పుట్టి బుద్ధెరిగినంక చూడలే.

"ఇవి హెబ్రీ వాళ్ళ తూకం రాళ్ళమ్మా" అన్నది, ఉల్లిగడ్డలు అన్నంత తేలికగ. "వాళ్ళ తూకం పేరు షెకెలు. మా తెలుగు వాక్యంలో దాన్ని తులం అని రాశారు. అందరూ బంగారం కొట్టు తులం అనుకుని పది గ్రాములు లెక్క కడుతున్నారు. మా పాస్టరు గారు కూడా అంతే. మన తాతల నాటి తులం పదకొండున్నర గ్రాముల పైనే ఉండేది. ఆ హెబ్రీ తులం పదకొండున్నరకి కాస్త తక్కువ, పదకొండు పాయింట్ నాలుగు అనుకో. తవ్వకాల్లో దొరికిన రాళ్ళని తూచి చెప్పిన లెక్క. అవీ రాయికీ రాయికీ కొంచెం తేడా ఉంటాయిలే."

"మా కాంటా ఐదు గ్రాముల కన్న సన్నం చూపెట్టదు" అన్న.

"అందుకే వంద తెచ్చాను. వందా కలిపితే కిలో నూట నలభై రావాలి."

పదిహేను గ్రాములు ఎక్కువ వచ్చింది. ఆమె నాలుగు రాళ్ళు ఏరి, మా గడప బండ మీద గొంతుకూసొని బరబర రుద్దుడు మొదలువెట్టింది. గిరాకీలు ఆమెను దాటుకొని లోపటికి వస్తున్నరు. "గిదేం మాయరోగం రా దేవుడా" అనుకున్న. రుద్దుడు, తూసుడు, మళ్ళ రుద్దుడు. ఆఖరికి కాంటా మీద ఆమె చెప్పిన అంకె వచ్చింది. ఆ గీతలు మా గడప మీద ఇప్పటికీ ఉన్నయి, ఎవరన్న అడిగితే పిల్లి గీకిందని చెప్త.

ఆ రోజే ఆమె అలవాటు ఒకటి చూసిన. కాంటా మీదికి వంగినప్పుడల్ల జడ ముంగటికి జారి పళ్ళెంల పడేది. ఆమె దాన్ని చేత్తోని ఎత్తి నడుముల దోపుకునేది. "నా దొంగ తూకాన్ని పక్కన పెట్టనీ" అనేది. ఎన్నిసార్లు వంగినా అట్లనే, ముందు జడ నడుముల దోపుడు, తర్వాత అంకె చూసుడు.

ఇగ ప్రతి శుక్రవారం వచ్చుడు పెట్టుకున్నది. ఆదివారం పాఠంల ఏ బరువు వస్తే ఆ బరువు ఈడ కట్టించుకునేది. పిల్లలకు అంకె చెప్పకూడదంట, చేతికియ్యాలంట. ఒక రాక్షసుని లెక్కున్న మనిషి ఈటె మొన ఆరు వందల తులాల ఇనుమంట. పాస్టరయ్య పది గ్రాముల లెక్కన ఆరు కిలోలని చెప్పిండంట. "మరి ఎనిమిది వందల నలభై గ్రాములు ఎక్కడికి పోయినట్టమ్మా?" అని నన్ను నిలదీసింది, నేనే దొంగిలించినట్టు. గిన్నెలు, గరిటెలు కలిపి సరిగ్గ అంత మూట కట్టించి తీస్కపోయింది. పిల్లలను ఒక్కొక్కరిని లేపి చెయ్యి చాపి పట్టుకోమన్నదంట. ఎవరి చెయ్యీ నిలబడలే.

ఇంకోసారి ఒక రాజు కిరీటం. "మణుగు బంగారం. మణుగంటే మూడు వేల తులాలు. ముప్ఫై నాలుగు కిలోలు" అన్నది.

"వామ్మో! నెత్తి మీదనా? మెడ ఇరగదా?"

"ముందు తూచు" అన్నది. ఇరవై ఆరు కిలోల బియ్యం బస్తా మీద ఎనిమిది కిలోల పప్పు మూట పెడితే సరిపోతదని లెక్కేసింది. నేను ఊకుంటనా? మీర్‌పేట్‌ల మా ఇంటికి పోయినంక బియ్యం బస్తా మీద పప్పు పెట్టి లేపబోయిన. నడుము పట్టుకొని రెండు రోజులు పండుకున్న. మా ఆయన నవ్వి నవ్వి సచ్చిండు. శుక్రవారం ఆమె వచ్చి, "ఇప్పుడు ఆశ్చర్యపడు" అన్నది.

ఆమె జడ మీద ఎంటికలాయన కన్ను ఎప్పటి సందో ఉన్నది. నాది ఎలుక తోక, నా దిక్కు చూసేటోడే కాదు. "టీచరమ్మా, ఒక్కసారి ఇయ్యిండ్రి, గంగాళం ఇస్త. గంగాళం మీద మూత గూడ ఇస్త" అని బతిలాడేటోడు. "నేను చచ్చాక రావయ్యా" అని ఆమె పకపక నవ్వేది. ఎంతమందితోని ఎన్ని మాటలంటం! ఆ మాటన్న మనిషి పోయిందని చెప్పనీకి ఆయనే రావుడు తలుచుకుంటె, ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తది.

అసలు సంగతి చెప్త. ఒక శుక్రవారం ఆమె మొఖం చిన్నగ చేసుకొని వచ్చింది. రాళ్ళు లేవు, మూట లేదు. స్టూలు మీద కూసున్నది.

పోయిన ఆదివారం ఒక రాజు కొడుకు కథ చెప్పిందంట. అరికాలు సంది నడినెత్తి దాకా వంక పెట్టనీకి లేని అందగాడంట. ఏటేటా జుట్టు బరువైతే కత్తిరించి తూసెటోళ్ళంట. రాజు తూకం చొప్పున రెండు వందల తులాలు. ఆ కొడుకే పెద్దయినంక తండ్రి మీదికి యుద్ధానికి పోయిండు. ఓడి పారిపోతుంటే తల చెట్టు కొమ్మలల్ల చిక్కి ఏలాడిండు, అట్లనే చంపిండ్రు. గెలిచిన తండ్రి గెలుపు మరిచి, కొడుకా కొడుకా అని ఏడ్చిండంట.

"అంతా విని పాస్టరు గారి అమ్మాయి లేచిందమ్మా. ఏడో తరగతి. 'టీచర్, రెండు వందల తులాలంటే రెండు కిలోల రెండు వందల ఎనభై గ్రాములు గద. ఒక్క మనిషికి గన్ని ఎంటికలుంటయా? మీ జడ ఎంతుంటది?' అంది. లెక్క సరిగ్గా కట్టింది. నేనే నేర్పాను." ఆ చివరి మాట అన్నప్పుడు కొంచెం మురిసింది గూడ. "వచ్చే ఆదివారం తూచి చెప్తానన్నాను."

"చెప్పుండ్రి, దాంట్లేముంది?"

"పాస్టరు గారు విన్నారు. క్లాసయ్యాక పిలిచి, 'అమ్మా, గిది వద్దు. మనం వాక్యాన్ని తూకమేసెటోళ్ళం కాదు. పిల్లల మనసుల అనుమానం పెడితే క్లాసు ఇంకొకరికి ఇయ్యాల్సొస్తది' అన్నారు."

"అయితే ఊకోండ్రి టీచరమ్మా! పిల్ల మరిచిపోతది."

ఆమె నా దిక్కు మర్లి చూసింది. "బళ్ళో లెక్కలు జీతం కోసం చెప్పానమ్మా. ఈ ఆదివారం క్లాసు ఒక్కటే నాది. అది పోతే నాకింకేం లేదు, నాకూ తెలుసు. కానీ ఇన్నాళ్ళు ప్రతిదీ తూచి చేతికిచ్చి, ఇక్కడొక్కచోట నోరు మూసుకుంటే ఆ పిల్ల ఏమనుకుంటుంది? మిగతావన్నీ కూడా ఉత్తవే అనుకోదూ?"

ఎంటికలాయన ఆడనే గిన్నెలు ఏరుకుంటున్నడు. ఆమె అతన్ని అడిగింది, "ఏమయ్యా, ఒక్క తల మీద రెండు కిలోల పైన జుట్టుంటుందా?"

"ఏనుగు తోకకు గూడ ఉండదమ్మా" అని నవ్విండు. "రెండు కిలోలు గావాలంటే నేను ఒక కాలనీ అంత తిరగాలె. కొందరు బరువు కోసం నీళ్ళు చల్లి ఇస్తరు, నూనె పోసి ఇస్తరు. ఎంత పోసినా గంత రాదు." ఆమె తలకాయ ఊపి ఎల్లిపోయింది.

తెల్లారి శనివారం. ఆమె వచ్చే రోజు కాదు. నెత్తి నిండ కొంగు కప్పుకొని వచ్చింది, చేతుల గుడ్డ సంచి. "తూకానికి వచ్చాను" అని సంచిలకెల్లి తీసి కాంటా మీద పెట్టింది.

జడ.

రెండు దిక్కుల ఎర్ర దారంతోని కట్టి ఉన్నది. నేను ముందుగాల పాము అనుకొని ఎనుకకు దుంకిన. తర్వాత అర్థమైంది. "అయ్యో! అయ్యో టీచరమ్మా! ఎవరు చేసిండ్రు గిది? ఎవరి చేతులు పడిపోవాలె!" అని మొత్తుకున్న. గిరాకీలు జమయిండ్రు. నా ఎలుక తోక తెగినా నేను అంత ఏడ్వకపోదును.

"మా గల్లీలో పార్లర్ అమ్మాయి. వద్దాంటీ వద్దాంటీ అని అది కూడా ఏడ్చింది. ఊరుకోమ్మా, ముందు తూచు."

అని అంకె చూడనీకి కాంటా మీదికి వంగింది. వంగంగనే ఎడమ చెయ్యి అలవాటుగ ఎనుకకు పోయింది, జడ ఎత్తి నడుముల దోపనీకి. చేతికేం దొరకలే. ఆమె ఆ ఉత్త చెయ్యి దిక్కు చూసుకున్నది. అప్పటిదాక గట్టిగ ఉన్న మనిషి పెదవులు అదిరినయి. మళ్ళ సర్దుకున్నది.

రెండు వందల నలభై గ్రాములు.

"మెడ మీద మిగిలింది కూడా వేసుకుంటే మూడు వందలు దాటదు" అన్నది. "ఆ అబ్బాయిది నాకు ఏడెనిమిది రెట్లు."

"గది తెలుసుకోనీకి కోసుకున్నరా?" నాకు కోపం ఆగలే. "మా దిక్కు నా బిడ్డ జరం తగ్గితే మొక్కు తీర్చనీకి గుట్ట మీది దేవుని దగ్గరికి పోయి నేను గూడ గుండు చేయించుకున్న. ఇంటిల్లిపాది సంబరపడ్డరు. మీకు గట్ల గాదాయె! మీ చర్చోళ్ళు ఊకుంటరా?"

"మా వాళ్ళలో ఆడమనిషికి జుట్టే ఘనత. కత్తిరిస్తే తల వంచుకునే పని. నాకు తెలుసమ్మా."

"తెలిసి ఎట్ల చేసిండ్రు? ఎంటికలాయన దగ్గర ఇంకెవరివో ఎంటికలు తీస్కపోయి చూపెట్టొద్దా?"

"ఆ పిల్ల నా జడ ఎంతుంటుందని అడిగింది" అన్నది. అంతే.

పిల్లలకు కాంటా అంకెలు దూరంకెల్లి కనపడయని మా అటక మీది రెండు పళ్ళేల పాత తరాజు అడిగింది. ఆదివారం నేనే ఆటోల ఏసుకొని పోయిన. చర్చిల కాలు పెట్టుడు నాకు గదే మొదటిసారి. చెప్పులు ఏడ ఇడవాలె, కుర్చీల కూసోవాలెనా చాప మీద కూసోవాలెనా, ఏం తెల్వక గోడకు ఆనుకొని నిలబడ్డ. ఆమె పిల్లల ముందుకు పోయి కొంగు తీసింది. ఎనుక కూసున్న ఆడోళ్ళు ఒక్కసారి అబ్బా అన్నరు. ఒకామె నోట్ల కొంగు కుక్కుకున్నది. ఆమె ఎవరి దిక్కూ చూడలే. తరాజు ఒక పళ్ళెంల రెండు సంచుల రాళ్ళు పెట్టింది, పాత వంద, కొత్తగ అరగదీసిన వంద, కలిపి రెండు వందల తులాలు. రెండో పళ్ళెంల జడ పెట్టింది.

రాళ్ళ పళ్ళెం దబ్బున కిందికి దిగింది, జడ పళ్ళెం పైకి లేచి ఊగింది. ఒక పిల్లగాడు కిసుక్కుమన్నడు, మళ్ళ ఆమె తల దిక్కు చూసి ఆగిపోయిండు.

"తూగలేదు" అన్నది.

పాస్టరయ్య బిడ్డ లేచి నిలబడ్డది. మొఖం తెల్లగ పాలిపోయింది. తను అడిగిన మాటకు టీచర్ జడ పోయిందని దానికి అప్పుడే సమజైంది. "ఐతే అబద్ధమా టీచర్?" అని సన్నగ అడిగింది.

"నాకు తెలియదు నాన్నా. నూనె రాసుకున్నాడేమో, బంగారు పొడి చల్లుకున్నాడేమో, ఆ రాజు గారి రాయి మన రాయి కన్నా చిన్నదేమో. నేను తూచాను, తూగలేదు. నాకు ఇంతవరకే తెలుసు. ఇంకేమైనా తెలిస్తే నీకు చెప్తాను."

పాస్టరయ్య దర్వాజ దగ్గర నిలబడి ఉన్నడు. రాళ్ళు పెట్టినప్పటి సంది ఆడనే ఉన్నడంట. ఆయన అరుస్తడని నేను కాచుకొని ఉన్న. మా దుకాణంల అయితే ఈపాటికి గిన్నెలు ఎగిరేవి. ఆయన మెల్లగ దగ్గరికి వచ్చి, రెండు చేతులు జోడించి, "వందనాలమ్మా. వచ్చే వారం సంది పిల్లల్ని మా ఇంటామె చూసుకుంటది" అన్నడు. అంత మెత్తగ అన్నడు. నాకు తల తీసేసినట్టయింది. తిట్టినా బాగుండు, కొట్లాడదును. ఆమె "సరేనండి" అన్నది, రాళ్ళు ఏరి సంచిల పోసుకున్నది.

శుక్రవారం తరాజు తిరిగి ఇయ్యనీకి వచ్చింది. ఆదివారం సంది నాకు కోపం ఉడుకుతున్నది. ఆమె సంచి చూడంగనే పొంగింది.

"ఇంతకూ ఆ పుస్తకంల ఎవరి తూకమని రాసిండ్రు? మళ్ళ చెప్పుండ్రి!"

"రాజు తూకం చొప్పున అని ఉందమ్మా."

"ఆ రాజెవరు?"

"ఆ అబ్బాయి తండ్రే."

"మరింకేంది? కొడుకు ఎంటికలను తండ్రి తన కాంటా మీద పెట్టుకుంటే రెండు వందలేంది, రెండు వేల తులాలు గూడ వస్తది! మా నాయన నేను పుట్టినప్పుడు నా బిడ్డ నాలుగు కిలోలున్నదని ఊరంత చెప్పుకొని తిరిగిండంట. రెండున్నర గూడ లేనని మా అమ్మ ఇప్పటికీ నవ్వుతది. గా పాటి దానికి మీరు జడ కోసుకున్నరు, ఆయన క్లాసు గుంజుకున్నడు. మీ ఇద్దరికీ మెదడు లేదు!"

కోపంల అన్న. ఏదో వాదించి గెలుద్దామని గాదు. కానీ ఆమె నోరు తెరిచి నా దిక్కు అట్లనే చూసింది. చేతిల తరాజు గొలుసులు గలగలమన్నయి. బోర్లేసిన గంగాళం మీద కూలబడ్డది. ఆమె ఆశ్చర్యపోవుడు చూసిన అన్న గద, గదే.

"మళ్ళీ చెప్పమ్మా" అన్నది.

మళ్ళ చెప్పిన, ఈసారి జర మెల్లగ.

"ఆ తలే కదమ్మా కొమ్మకి చిక్కింది" అన్నది. కండ్లల్ల నీళ్ళు కారుతున్నయి, తుడుసుకుంటలేదు. "ఏటేటా ఆ తల మీది జుట్టుని ఆయనే తూయించుకున్నాడు. నేను రాళ్ళు అరగదీసుకుంటూ కూర్చున్నాను. తూయించిన వాడు తండ్రి అని నాకు తట్టనే లేదు." దబ్బున లేచింది. "ఇది పిల్లలకి చెప్పాలి. ఆ పిల్లకి చెప్తానన్నాను."

నాలుగడుగులు పోయి గల్లీల ఆగిపోయింది. చెప్పనీకి క్లాసు లేదని గుర్తొచ్చినట్టున్నది. ఎనుకకు వచ్చి అదే గంగాళం మీద కూసున్నది. ఒక మాట వారం ముందు నా నోట్లకెల్లి వచ్చి ఉంటే!

తర్వాత పాస్టరయ్య ఇంటికి పోయి చెప్పిందంట. "ఏమన్నడు?" అని అడిగిన. "కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. అమ్మాయి లోపల్నుంచి చూస్తోంది. వచ్చేశాను." క్లాసు మాత్రం మళ్ళ ఇయ్యలే. చర్చికి పోవుడు ఆమె మానలే, ఎనుక వరుసల కూసునేది.

జడను నాకే ఇచ్చింది. "ఇంట్లో ఉంటే చూడాలనిపిస్తుంది. నీ దగ్గర ఉంచు" అన్నది. ఎంటికలాయనకు చూపెడితే చేతులు ఎనుకకు పెట్టుకున్నడు. "గిది నేను కొననక్కా" అన్నడు. మూత గట్టిగ పట్టే స్టీలు డబ్బాల పెట్టి పై అరల దాచిన. ఆ తర్వాత గూడ ఆమె శుక్రవారం శుక్రవారం వచ్చేది, తూసే పని లేకున్నా వచ్చేది. చాయ్ తాగి, ఏదో ఒక గిన్నె అరచేతుల పెట్టుకొని కండ్లు మూసుకొని బరువు చెప్పేది. జుట్టు భుజాల దాకా పెరిగింది, రబ్బరు బ్యాండు పెట్టుకునేది. కాంటా మీదికి వంగినప్పుడల్ల ఎడమ చెయ్యి మాత్రం నడుము దిక్కు పోవుడు ఆగలే. నేను తల తిప్పుకునేదాన్ని.

ఆమె పోయిందని విన్న రోజు షట్టర్ మళ్ళ దించి, డబ్బా సంచిల పెట్టుకొని మెట్రో ఎక్కిన. స్టేషన్‌ల మిషన్ల పెడితే డబ్బాల ఏముందని అడిగిండ్రు. టిఫిన్ అన్న. నేను నోటితోని అబద్ధాలు మస్తు ఆడత. మా ఆయనతోని ఆడత, చుట్టాలతోని ఆడత. కాంటా మీద మాత్రం అప్పటిదాక ఒక్కటి గూడ ఆడలే. అది మా దుకాణం ఇజ్జత్. ఎల్బీ నగర్‌ల దిగి ఆటోల మన్సూరాబాద్ పోయిన.

పెట్టెల పండుకొని ఉన్నది. తెల్ల చీర కట్టిండ్రు. భుజాల మీదికి పొట్టి జుట్టు. నాకు అప్పుడు వచ్చింది ఏడుపు, ఒక్కసారి తెగిపడ్డట్టు. కొంచెం తేరుకొని ఆమె తమ్మునికి డబ్బా మూత తీసి చూపెట్టిన. "మా అక్కదే కదా, పెట్టండమ్మా" అన్నడు. నేను జడ బయటికి తీసిన్నో లేదో, ఆడోళ్ళల్ల గుసగుస మొదలైంది. కత్తిరించింది మళ్ళ పెట్టెల పెట్టుడేంది, గిదేం ఆచారమని ఒకామె పైకే అన్నది.

పాస్టరయ్య తల దిక్కు నిలబడి ఉన్నడు. పక్కన ఆయన బిడ్డ, ఎదిగి తండ్రి భుజం దాకా వచ్చింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "ఏందమ్మా అది?" అన్నడు.

"ఆమె జడ."

ఆయన నా చేతుల దాని దిక్కు చూసిండు, పెట్టెల పొట్టి జుట్టు దిక్కు చూసిండు. వద్దంటడనుకున్న. అంటే ఏమనాలెనో గూడ నాలిక మీద పెట్టుకున్న. ఆయన కళ్ళజోడు తీసిండు.

"ఎంతున్నదమ్మా?" అని అడిగిండు.

అది తూగలేదని ఆ ఆదివారం చర్చి హాలుల ఉన్నోళ్ళందరికి తెలుసు. రాళ్ళ పళ్ళెం కిందికి దిగుడు ఆయనే కండ్లార చూసిండు. ఆ పిల్ల గూడ నా మొఖంలకే చూస్తున్నది. రెండు వందల నలభై గ్రాములు అననీకే నేను నోరు తెరిచిన.

"రెండు వందల తులాలు" అన్న.

ఆ మాట నా నోట్లకెల్లే వచ్చిందని నాకే నమ్మకం కాలే. పిల్ల తండ్రి చెయ్యి పట్టుకున్నది.

"ఏ కాంటా మీద?" అన్నడు ఆయన.

"నా కాంటా మీద" అన్న.

ఆయన పక్కకు జరిగి నాకు జాగ ఇచ్చిండు. నేను వంగి జడ కొసను ఆమె నడుముల దోపిన.